పంకజాక్షి రక్తంలో సెలీనియం

19 ఫిబ్రవరి 2002

ఏర్పేడు దాటి లోపలి ఊళ్ళో ఈరోజు రక్తం తీయడం మొదలుపెట్టాం. స్కూలు వరండాలో బెంచీ వేసుకుని కూర్చోగానే టీకాల వాళ్ళనుకుని పిల్లలందరూ పరుగు. ఆడవాళ్ళు వచ్చారు గానీ దూరంగా నిలబడ్డారు. చివరికి బుష్రా తన చేతిలోంచే ఒక ట్యూబు రక్తం తీయించుకుని చూపించింది. నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న పిల్లల్లో దీనికున్న తెగువ ఇంకెవరికీ లేదు. నాకూ లేదు.

ముందుగా వచ్చి కూర్చున్నామె పేరు పంకజాక్షి. ఇరవై ఆరేళ్ళు. సూది దిగేటప్పుడు అందరూ మొహం తిప్పుకుంటారు. ఈమె కన్నార్పకుండా చూసింది. ఇంత రక్తంలో ఏం కనబడతాది మేడం అని అడిగింది. సెలీనియం అని ఒక ఖనిజం, నేలలో ఉంటుంది, తిండిలోంచి ఒంట్లోకి వస్తుంది, చాలా కొంచెమే కావాలి, కానీ ఆ కొంచెమూ ఉండాలి అన్నాను. క్లాసులో చెప్పినట్టే చెప్పుకుంటూ పోయాను. థైరాయిడ్‌కి మంచిది, గుండెకి మంచిది, గర్భానికి...

గర్భం అనగానే పక్కన నిలబడి ఉన్న ఆమె అత్తగారు ముందుకు వంగింది. దేవకమ్మ అట. ఈ పిల్లకి మూడు కడుపులు పోయినాయి మేడమ్మా, రెండు మూడో నెల్లో, ఒకటి అయిదో నెల్లో, యా డాక్టరూ ఎందుకో సెప్పలా, మీరన్నా రక్తం సూసి సెప్పండి అంది.

మేం వచ్చింది అందుకు కాదు. ఎవరిలో ఎంత ఉందో కొలిచి రాసుకోవడానికి వచ్చాం. ఆ మాట అనలేకపోయాను. చూద్దాం అన్నాను.

చూద్దాం. నలభై నాలుగేళ్ళుగా నాది ఇదే మాట.

4 మార్చి

ల్యాబులో పొద్దుటి నుంచి కరెంటు లేదు. సీరం ట్యూబులన్నీ ఐస్ డబ్బాలో పెట్టుకుని ఇంటికి తెచ్చి మా ఫ్రీజర్లో సర్దాను. మా ఆయన గంగాధరం బ్యాంకు నుంచి వచ్చి మంచినీళ్ళ కోసం ఫ్రిజ్ తీసి, ఏమే, ఏర్పేడు మండలమంతా మనింట్లోనే కాపురం పెట్టిందా అన్నాడు. మా అమ్మాయి ప్రశాంతి ఇక ఆ ఫ్రిజ్‌లో పెట్టిన పెరుగు చచ్చినా తిననంది. ఇంటర్లో బైపీసీ చదువుతున్న పిల్ల!

భోజనాల దగ్గర, చారులో ఉప్పు సరిపోయిందా, పెళ్ళాం మాట ఒకటి తెలిస్తే నేను కూడా ధైర్యంగా తింటాను అన్నాడు. సరిపోయినట్టే ఉంది అనుకుంటా అన్నాను. నీ నోట్లో ఏముండాదో నీకే తెలీదు, ఇంగ ఊళ్ళోవాళ్ళ రక్తంలో ఏముండాదో యెట్ల తెలుస్తాదే అని నవ్వాడు. నేనూ నవ్వాను. పడుకున్నాక నవ్వు రాలేదు.

15 మార్చి

పంకజాక్షి సీరం సెలీనియం, లీటరుకు 46 మైక్రోగ్రాములు.

ఆ ఊళ్ళో మిగతా అందరికీ డెబ్బై పైనే. ఈమె ఒక్కతే తక్కువ. నేల ఒకటే, నీళ్ళు ఒకటే, బియ్యం ఒకటే. ఎందుకో తెలియదు.

సెలీనియం తగ్గితే గర్భాలు నిలవవని కొన్ని పేపర్లు, అలాంటిదేమీ లేదని కొన్ని. సెలీనియం తగ్గబట్టి గర్భాలు పోయాయా, గర్భాలు పోబట్టి సెలీనియం తగ్గిందా? అదీ తేల్చలేదు. జెరాక్సులన్నీ మంచం మీద పక్కపక్కన పరిచి చూశాను. ఒకదాన్నొకటి తిట్టుకుంటున్నట్టున్నాయి.

22 మార్చి

హిమోగ్లోబిన్ చీటీలు పంచడానికి ఊరికి వెళ్ళాం. సెలీనియం సంగతి చెప్పాలన్న రూలేమీ లేదు. కానీ దేవకమ్మ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. కొంచెం తక్కువగా ఉంది, గుడ్లు, చేపలు బాగా పెట్టండి, కడుపులు దానివల్లే పోయాయని మాత్రం అనుకోవద్దు అన్నాను. మొదటి సగమే విన్నట్టున్నారు.

పంకజాక్షి భర్త వెంకటముని అప్పుడే పాల కేంద్రంలో పాలు పోసి వచ్చాడు. ఖాళీ క్యాను పట్టుకునే నిలబడి, దాని పేరు ఇంగోసారి సెప్పండి మేడం అన్నాడు. సెలీనియం అన్నాను. సెలీనియమా, అని తల ఊపాడు. తెలిసినవాళ్ళ పేరు విన్నట్టు ఊపాడు. ఒక రైతు ఇంత శ్రద్ధగా అడిగాడని బస్సులో బుష్రాతో దారి పొడుగునా మురిసిపోతూ చెప్పాను.

23 మార్చి

చెప్పి ఉండకూడదేమో.

7 ఆగస్టు

రెండో విడత రక్తం. పంకజాక్షికి ఇప్పుడు నాలుగో నెల!

చెప్పేటప్పుడు సిగ్గుతో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తల నిండా కనకాంబరాలు. ఆమె నిలబడే తీరే మారిపోయింది. కండ్లు పడతాయని దేవకమ్మ ఆమెను మా ముందు ఎక్కువసేపు ఉండనివ్వలేదు. గుడ్లు తింటున్నావా అంటే తింటాండా మేడం అంది. నాకెంత సంతోషం వేసిందో. నా మాట ఒకటి ఒక ఇంట్లో పనిచేసిందనుకున్నాను. మధ్యాహ్నం వెల్లుల్లి కారం తిన్నట్టుంది, దగ్గరికి వస్తే గుప్పున వాసన.

21 ఆగస్టు, సాయంత్రం

410.

ఎక్కడో తప్పు జరిగింది.

బుష్రా సెలీనియం కొలిచే ఫ్లోరిమీటర్ దగ్గర్నుంచి లేచి వచ్చి, మేడం, మీ పంకజాక్షి స్కేలు దాటి పోతాండాది అంది. డైల్యూట్ చేసి చూస్తే 410. మార్చిలో 46 ఉన్న మనిషి. యాసిడ్‌లో ఏదైనా కలిసిందా? ట్యూబు సరిగా కడగలేదా? పోల్చి చూసే స్టాండర్డ్ తప్పు కలిపామా? కానీ అదే రోజు, అదే యాసిడ్‌తో చేసిన మిగతావాళ్ళందరూ మామూలుగానే ఉన్నారు.

మా హెడ్ చూసి, ఒక్క శాంపిల్‌కి ఎందుకమ్మా ఇంత హైరానా, మిగతావాటితో పొసగని ఔట్‌లయర్ అని రాసి పక్కన పెట్టండి, గ్రాఫ్ అందంగా ఉంటుంది అన్నారు. పక్కన పెట్టవచ్చు. ఎవరూ అడగరు. ఆ ట్యూబు వెనక ఒక మనిషి, మనిషి లోపల ఇంకో మనిషి.

23 ఆగస్టు

కొత్త యాసిడ్, కొత్త ట్యూబులు, కొత్త స్టాండర్డ్. 404. తప్పు నా చేతిదే కావాలని ఇంతగా ఎప్పుడూ కోరుకోలేదు.

24 ఆగస్టు

ఒక్కదాన్నే వెళ్ళాను. తిరుపతి నుంచి కాళహస్తి బస్సులో ఏర్పేడు, అక్కడి నుంచి షేర్ ఆటో. ఏం తింటోంది, ఏం తాగుతోంది, తలకి ఏం రాసుకుంటోంది, అన్నీ వెతకాలనుకుంటూ వెళ్ళాను. వెతికే పనే పడలేదు.

పంకజాక్షి వసారాలో కూర్చుని ఉంది. ఈసారి తలలో పూలు లేవు. పాపిడికి రెండు వైపులా వెంట్రుకలు పలచబడి నెత్తి కనబడుతోంది. చేతులు చూపించమన్నాను. గోళ్ళ మీద అడ్డంగా తెల్లటి చారలు. రెండు గోళ్ళు పెళుసెక్కి విరిగిపోయాయి. దగ్గరికి వంగితే మళ్ళీ అదే వాసన. వెల్లుల్లి తిన్నావా అన్నాను. దాన్ని సూస్తేనే కక్కు వస్తాది మేడం, నెల తప్పినప్పట్నించి ముట్టలా అంది. సెలీనియం ఒంట్లో మితిమీరితే ఊపిరిలో వెల్లుల్లి వాసన వస్తుందని ఎన్నో ఏళ్ళుగా పాఠం చెబుతున్నాను. ఆ వాసన నా ముక్కుకి తగలడం ఇదే మొదలు. మొన్న తగిలినా గుర్తుపట్టలేదు.

ఏదైనా మందు తాగుతున్నావా అన్నాను. ఆమె అత్త వైపు చూసింది. దేవకమ్మ ఏమీ దాచలేదు. దాసేదానికేముండాది, మీరు సెప్పిందే కదా అంటూ లోపలికి పోయి తెల్లటి ప్లాస్టిక్ డబ్బా ఒకటి తెచ్చింది. దాని మీద ఆవు బొమ్మ. విటమిన్ ఇ, సెలీనియం. పశువులకు మాత్రమే.

వాళ్ళ జెర్సీ ఆవుకి వరసగా రెండుసార్లు దూడ నెలలు నిండకుండానే పడిపోయిందట. పశువుల డాక్టరు ఈ మందు అయిదు రోజులు పట్టమన్నాడు. ఆ తర్వాత నిండు ఈత, పెయ్యదూడ. పెరట్లో కట్టేసి ఉంటే తీసుకుపోయి చూపించారు. బాగుంది, నున్నగా. నేను ఆ రోజు సెలీనియం అనగానే వెంకటమునికి వెలిగిందట. మీరు పేరు సెప్పినారు, మందు మా ఇంట్లోనే ఉండె అన్నాడు. దెప్పుతూ కాదు. నా మీద గౌరవంతోనే అన్నాడు.

ఎంత పోస్తున్నారని అడిగాను. దానికీ లెక్క ఉంది. శనక్కాయల మూటలు తూచే కాటా మీద పెళ్ళాన్ని కూర్చోబెట్టి తూచాడు. ఆవు నాలుగు వందల కిలోలు, ఈమె యాభై. ఆవుకి పోసేదాంట్లో ఎనిమిదో వంతు. మరి ఆవుకి అయిదు రోజులే కదా పట్టమన్నది, ఈమెకు ఇన్ని నెలలుగా ఎందుకు అన్నాను. దేవకమ్మ నన్ను జాలిగా చూసింది. ఆవుకి పోయింది రెండు, నా కోడలికి పోయింది మూడు. ఆవూ తొమ్మిది నెల్లే మోస్తాది, ఆడదీ తొమ్మిది నెల్లే మోస్తాది. నిండేదాకా పొయ్యాల గదా మేడమ్మా అంది.

బరువు లెక్కలో తప్పు లేదు. కడుపులే వేరు. ఆవు నెమరేసే జంతువు. దాని పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు సెలీనియంలో ఎక్కువ భాగాన్ని ఒంటికి పట్టకుండా చేసేస్తాయి, అది పేడలో పోతుంది. మనిషికి దాదాపు పోసిందంతా పడుతుంది. ఇదంతా చెప్పాను. తక్కువైతే ఎంత చెడ్డదో ఎక్కువైతే అంతకన్నా చెడ్డది, ఈ వెంట్రుకలూ ఈ గోళ్ళూ దానివల్లే, ఈరోజే ఆపెయ్యాలి అన్నాను. ఎంటికలు బిడ్డ తీసుకుంటాండాది, కానుపు అయినాక మళ్ళా వస్తాయి అని దేవకమ్మ తేల్చేసింది.

అప్పుడు పంకజాక్షి అంది. ఎంటికలు పోనీ మేడం. గోళ్ళు పోనీ. ఇది తాగినాకనే నాకు కడుపు నిలిచింది. పోయినసారి అయిదో నెల్లోనే పోయింది, ఇప్పుడు నాకు అయిదో నెల. మీరు సెప్పినారని ఆపినాక కడుపు పోతే, మీరు పూచీనా?

చూద్దాం అని కూడా అనలేక ఆటో ఎక్కాను.

26 ఆగస్టు

పంకజాక్షిని చూసే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆమెది తిరుచానూరు రోడ్డులో క్లినిక్. బయట బెంచీల మీద యాత్రికులూ గర్భిణీలూ కలిసి కూర్చుని ఉన్నారు. రిపోర్టు చూసి, నాకు బీపీ తెలుసు, షుగరు తెలుసు, మీ సెలీనియం నాకు తెలియదు, కానీ ఆవు మందు తాగడమేంటి, ఆపించండి అంది. ఆపితే గర్భానికి ఏమైనా అవుతుందా అన్నాను. ఎందుకవుతుంది అంది.

ఎందుకవుతుంది. ఆటోలో వస్తూ ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూశాను. అది జవాబా, ప్రశ్నా?

29 ఆగస్టు

ఏ పనీ చేయబుద్ధి కావడం లేదు. క్లాసులో ఒక వాక్యం రెండుసార్లు చెప్పానని పిల్లలు నవ్వారు.

ఆపించి, కడుపు నిలిస్తే సరే. ఆపించి, కడుపు పోతే? ఆమెకు ముందే మూడు పోయాయి, దేనివల్లో తెలియదు, నాలుగోదీ దేనివల్లో తెలియకుండానే పోవచ్చు. కానీ వాళ్ళకు తెలుస్తుంది. నావల్ల పోయిందని తెలుస్తుంది. ఆపకుండా ఉండి పోతే, చేయగలిగిందంతా చేశామనుకుంటారు. ఆపకుండా ఉండి బిడ్డ పుడితే, ఎలాంటి బిడ్డ పుడుతుంది? జంతువుల మీద చేసిన ప్రయోగాలున్నాయి. అవి నిన్న చదివి మూసేశాను.

నా చేతికి మట్టి అంటని దారి ఒకటుంది. ఆపమని చెప్పాను, వినలేదు అనుకుని ఊరుకోవడం. అది కూడా శాంపిల్‌ను పక్కన పెట్టడమే.

బుష్రాతో ఇదంతా అన్నాను. ఆమెకు కావలసింది మీ పేపర్లు కాదు మేడం అంది. మరేంటి అంటే, మా నాన్నీ, అమ్మమ్మ, సుభాన్‌బీ అని ఉండె, కానుపులు చేసేది, నొప్పులప్పుడు ఆడవాళ్ళ పక్కన కూర్చుని ఒకే మాట అనేదంట, ఏం కాదు బిడ్డా, నేనుండా కదా అని. ఏమన్నా అయితే అని ఎవరూ ఆమెను అడగలేదా అన్నాను. అడిగే ధైర్యం ఎవరికుండాది మేడం అని నవ్వింది.

2 సెప్టెంబర్

చెప్పేశాను.

వాళ్ళ వసారాలోనే కూర్చుని, పంకజాక్షి కళ్ళలోకి చూస్తూ చెప్పాను. మందు మానెయ్. కడుపు నిలుస్తుంది. నేను చెబుతున్నాను కదా.

నేనేనా అన్నది? గొంతు కూడా నాది కాదు. అందులో 'అనుకుంటా' లేదు, 'ఏమో' లేదు, 'ఇప్పటివరకు తెలిసినంతలో' లేదు. దేవకమ్మ ఏదో అనబోయి మానుకుంది. పంకజాక్షి నన్ను చాలాసేపు చూసింది, మొదటిరోజు సూదిని చూసినట్టు. లేచి లోపలికి పోయి, డబ్బా తెచ్చి, నా బ్యాగులో తనే పెట్టింది. బ్యాగు జిప్పు కూడా తనే వేసింది.

సగం ఖాళీ అయిన ఆవు మందుతో బస్సులో వచ్చాను. ఇంట్లో గంగాధరం ఆ డబ్బా చూసి, మందొచ్చింది, ఆవు ఎప్పుడొస్తాదే అన్నాడు. ప్రశాంతి పడీ పడీ నవ్వింది. వాళ్ళకు ఏం చెప్పాలో తెలియక నేనూ నవ్వాను. డబ్బాను పొద్దున్నే ల్యాబు బీరువాలో పెట్టి తాళం వెయ్యాలి.

3 సెప్టెంబర్

ఏ ఆధారంతో అన్నాను?

మందు ఆపాలన్నది నిజం. అందులో నాకు అనుమానం లేదు. కడుపు నిలుస్తుందన్నది ఎక్కడి నుంచి తెచ్చాను? ఒక నిజం మింగించడానికి దానికి ఒక అబద్ధం పూసి ఇచ్చాను. పిల్లలకు మాత్రను బెల్లంలో పెట్టి ఇచ్చినట్టు.

18 సెప్టెంబర్

ఫోన్ మోగినప్పుడల్లా ఉలిక్కిపడుతున్నాను. ప్రశాంతి స్నేహితురాళ్ళు, ఎల్ఐసీ ఏజెంటు, రాంగ్ నంబర్లు.

30 సెప్టెంబర్

బుష్రా పోయి రక్తం తెచ్చింది. 265. దిగుతోంది. ఆరో నెల. అయిదో నెల దాటిందని దేవకమ్మ బుష్రా చేతికి డజను అరటిపళ్ళు ఇచ్చి పంపింది. మేడమ్మకు రెండు ఎక్కువ అని మరీ చెప్పిందట.

17 అక్టోబర్

నాలుగు రోజులుగా ఎడతెరిపి లేని వాన. ఎమ్మెస్సీ వాళ్ళకు క్లాసు చెబుతుంటే తలుపు దగ్గర వెంకటముని. తడిసి ముద్దయి ఉన్నాడు. చాక్‌పీసు పట్టుకునే బయటికి వెళ్ళాను.

తెల్లవారినప్పటి నుంచి పంకజాక్షికి రక్తం కనబడుతోందట. జీపులో తెచ్చి క్లినిక్‌లో చేర్చి, నేరుగా నా దగ్గరికి వచ్చాడు. ఆ డబ్బా ఇచ్చెయ్యండి మేడం అన్నాడు. అది తీసుకోకుండా మొకం సూపించొద్దనింది మా అమ్మ. మీ మాట ఇని తప్పు సేసినాము. సదువుకున్నోళ్ళు కదా, తెలిసే సెప్తాండారు అనుకున్నాము. మా ఆవుకు రాసిచ్చినోడు సదువుకోలేదా? ఇంగ మీ మాట మాకొద్దు, మా డబ్బా మాకియ్యండి. గొంతు తగ్గించలేదు. తలుపు దగ్గరికి పిల్లలందరూ వచ్చి నిలబడ్డారు. తగ్గించమని నేనూ అనలేదు. అతనన్న దాంట్లో కాదనడానికి ఏముంది?

బీరువా తాళం నా పర్సులోనే ఉంది. ఇవ్వను అన్నాను. పద, నేనూ వస్తాను అన్నాను.

ఇద్దరం ఆటో ఎక్కాం. వైపరు లేని అద్దాన్ని డ్రైవరు గుడ్డతో తుడుస్తూ నడిపాడు. బస్టాండు దగ్గర పశువుల మందుల షాపు ఒకటి కనబడింది, బోర్డు మీద ఆవు. అప్పుడు తట్టింది. ఆ డబ్బా ఇక్కడ కొనుక్కోవచ్చు, ఏర్పేడులోనూ కొనుక్కోవచ్చు. అంత వానలో నన్ను వెతుక్కుంటూ రావలసిన పనే లేదు. వెంకటముని కూడా ఆ బోర్డు చూశాడు. ఆటో ఆపమనలేదు.

డాక్టరమ్మ స్కాన్ చేసింది. మాయ కొంచెం కిందికి ఉందట, రక్తం అందువల్ల, బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోందట. మంచం దిగకూడదంది. పంకజాక్షి మొగుణ్ణి చూడలేదు, డాక్టరమ్మనూ చూడలేదు. నిలస్తాది కదా మేడం అంది.

నిలుస్తుంది అన్నాను. ఈసారి ఆలోచించను కూడా లేదు.

బయట మెట్ల మీదికి వచ్చి కూర్చుండిపోయాను. వెంకటముని నా పక్కన ఒక మెట్టు కింద కూర్చుని, నా పక్క చూడకుండా, టీ తాగతారా మేడం అన్నాడు.

18 అక్టోబర్

ఇంకా కనబడుతోంది.

20 అక్టోబర్

ఆగింది. డాక్టరమ్మే ఫోన్ చేసి చెప్పింది. నేను థాంక్స్ చెప్పడం మర్చిపోయి ఫోన్ పెట్టేశాను.

9 డిసెంబర్

అమ్మవారి పంచమి తీర్థం. సిటీ బస్సులన్నీ తిరుచానూరుకే తిప్పేశారు. క్లినిక్ దాకా జనంలో పడి నడిచే వెళ్ళాను. పంకజాక్షి చెకప్‌కి వచ్చింది. అక్కడే రక్తం తీశాను. గోళ్ళు కుదుళ్ళ దగ్గర గులాబీ రంగులో కొత్తగా వస్తున్నాయి, విరిగిన చోట ఇంకా పాతవే. పాపిడి పక్కన పొట్టి పొట్టి వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. కుందేలు మాదిరి ఉండానంట, మా అత్త అంటాండాది అని నవ్వింది. వెల్లుల్లి వాసన లేదు.

16 డిసెంబర్

112. మామూలు మనిషి రక్తం.

ఔట్‌లయర్ అని పక్కన పెట్టమన్న హెడ్ ఇప్పుడు దాని మీదే కేస్ రిపోర్ట్ రాయమంటున్నారు. ఇలాంటి కేసు మళ్ళీ దొరకదమ్మా అంటున్నారు, ఏదో లాటరీ తగిలినట్టు. తన పేరు ముందుంటుందా వెనకుంటుందా అన్న చర్చ కూడా అయింది. రాయడం మొదలుపెట్టాను. డోసు, లక్షణాలు, విలువలు, అన్నీ చకచకా వచ్చాయి. రోగికి ఏం చెప్పి మందు మాన్పించారు అన్న చోట కలం ఆగింది. 'కౌన్సెలింగ్ ఇవ్వబడింది' అని రాశాను. కొట్టేశాను. మళ్ళీ అదే రాశాను.

21 జనవరి 2003

ఆడపిల్ల. పొద్దున ఆరు దాటాక. ఆపరేషన్ అవసరం పడలేదు. రెండు కిలోల ఆరు వందలు.

దేవకమ్మ క్లినిక్ ఎదుటి ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసి, తిరుపతి అంతా వినబడేటట్టు అరిచింది. మేడమ్మా, మీరు నిలస్తాదంటే నిలిచింది. డాక్టరమ్మ కూడా నిలస్తాదని సెప్పలా, మీరు సెప్పినారు. ఊళ్ళో అందరూ అదే అంటాండారు. అలా అనకండి, నేనేమీ చేయలేదు, సెలీనియం ఎక్కువైతే చేటు అని మాత్రం అందరికీ చెప్పండి, ఎవరూ ఆ మందు తాగకూడదు అన్నాను. మందు ఎవురికి కావాల మేడమ్మా, దాన్ని ఆవుకు కూడా పొయ్యం అంది. అప్పటికే బిడ్డ ముక్కు గురించి చెప్పడంలో పడిపోయింది. ముక్కు వెంకటముని నాయనదట.

ఫోన్ పెట్టి అక్కడే కూర్చుని ఏడ్చాను. గంగాధరం భయపడి పరిగెత్తుకొచ్చాడు. సంతోషం అన్నాను. నిజంగానే సంతోషం. ఆయన నమ్మి వెళ్ళాడు.

27 జనవరి

పోయి చూసి వచ్చాను. నా వేలు పట్టుకుంది, గట్టిగా. పంకజాక్షి నా చేతిలో బిడ్డను పెట్టి, సూసినారా మేడం అంది, అంతే.

జరిగింది కాబట్టి నేనన్నది అబద్ధం కాకుండా పోతుందా? ఆ రోజు వానలో వేరేలా జరిగి ఉంటే అదే మాట ఏమై ఉండేది? రెండు సందర్భాల్లోనూ నాకు తెలిసింది ఒక్కటే, నాకు తెలియదని. ఇది బుష్రాను అడిగితే, మీరింక కొంచెం నిద్రపోండి మేడం అంది.

14 ఫిబ్రవరి

కేస్ రిపోర్ట్ పంపేశాం. గర్భం నిలవడానికి కారణం తెలియదని చివర్లో రాశాను. తెలియదు అని ముగిస్తే బాగుండదు, కొంచెం బలంగా రాయండి అన్నారు హెడ్. మార్చలేదు.

11 మార్చి, పొద్దున

డిపార్ట్‌మెంట్ మెట్ల మీద ఒకామె కూర్చుని ఉంది. పాకాల నుంచి మొదటి రైల్లో వచ్చిందట. దేవకమ్మ ఆమెకు మేనత్త. రెండు కడుపులు పోయాయట. లోపలికి రా, రక్తం తీసి చూస్తాను అన్నాను. రక్తం వద్దు మేడం అంది. మందా అన్నాను. మందూ వద్దంది. పంకజాక్షికి సెప్పిన మాట నాకూ ఒకసారి సెప్పండి, అది సాలు, పోతాను అంది.

తాళం తీస్తున్న బుష్రా ఆగి నా వైపు చూసింది.

ఎన్నో నెల అని అడిగాను.